పోను నూట ఇరవై, రాను నూట ఇరవై

వెనక ఇరుసు నూనె వాసన ఒకసారి చేతికి పట్టిందంటే మూడు రోజులైనా వదలదు, సబ్బుకి లొంగదు, నిమ్మచెక్కకి లొంగదు, కిరసనాయిలుకి లొంగినట్టే లొంగి మర్నాడు దువ్వెన పట్టుకునేసరికి మళ్లీ నేనున్నానంటుంది, ఆమెకైతే గుమ్మం అవతలి నుంచే తెలిసిపోయేది, ఇవాళ ఇంజను జోలికి పోలేదు, వెనక పని చేశావు కదూ అని వంటగదిలోంచే అడిగేది, అదుగో, నూనె ఇంకా సగం కూడా కారలేదు, అప్పుడే ఆమె మనసులోకి వచ్చేసింది, అనుకున్నాడతను కారు కింద వెల్లకిలా పడుకుని, పళ్లెంలోకి నల్లగా తీగలా దిగుతున్న నూనెని చూస్తూ, పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికి తెమిలిపోయే పని ఇది, మధ్యలో మనసుని అటూ ఇటూ పోనివ్వకపోతే, కాని మనసు అతని మాట విని ఎన్నేళ్లయిందని, వచ్చే నెలకి తొమ్మిదేళ్లు, ఒక పెట్టె, ఒక చేతిసంచి పట్టుకుని ఈ షెడ్డు గుమ్మంలోనే నిలబడి వెళ్తున్నాను అంది, ఎక్కడికి అని కారు కింద నుంచే అడిగాడు, అక్కడి నుంచి కాళ్లు మాత్రమే కనిపించాయి, గోధుమరంగు చెప్పులు, ఎక్కడికైతేనేం అంది, చెప్పులు వెనక్కి తిరిగాయి, అతను పాక్కుంటూ బయటికొచ్చి చేతులు తుడుచుకుని వీధిలోకి వెళ్లేసరికి మలుపు దగ్గర ఎవరూ లేరు, చేతులు తుడుచుకోవడం ఎందుకు, ఆ నూనె చేతులతోనే పరిగెత్తి ఉంటే మలుపు తిరగకముందే అందేది కదా అని ఇప్పటికి కొన్ని వేల సార్లు అనుకుని ఉంటాడు.

ఎందుకు వెళ్లిందో తనకి తెలుసనే అతను ఇన్నాళ్లూ అనుకున్నాడు, ఈ మోత భరించలేక వెళ్లింది, మరేం కాదు, ముప్పై ఐదేళ్ల కిందటి రెండు తలుపుల కారు ఇది, పొడుగాటి ముక్కు, ఆరు సిలిండర్ల ఇంజను, తయారైన రోజున దీని వెనక ఇరుసులో పన్నెండు పళ్ల పినియన్, అంటే చిన్న పళ్లచక్రం, ఉండేది, ముప్పై ఏడు పళ్ల పెద్ద చక్రాన్ని అది తిప్పేది, అంటే బండి చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజను వైపు నుంచి వచ్చే కడ్డీ మూడు చుట్లు, ఆపైన కాస్త తిరిగితే చాలు, తీరిగ్గా పోయేది, వందలో పోతున్నా పక్క మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు, పదమూడేళ్ల కిందట అతనికి కొండ ఎక్కే పందేల పిచ్చి పట్టింది, తొమ్మిది పళ్ల పినియన్ తెప్పించి బిగించాడు, చుట్లు నాలుగు దాటాయి, ఇక చూసుకోవాలి, కాలు మోపితే దూకేది, కొండ మలుపుల్లో ఎవడికీ అందేది కాదు, కాని చదును రోడ్డు మీద ఎనభై దాటితే చాలు, ఇంజను గోల ఒకవైపు, వెనక నుంచి ఆ కూత ఒకవైపు, చెవిలో జోరీగ దూరినట్టే, ఆదివారం సాయంత్రం తను ఇంకా మూడు వీధుల అవతల ఉండగానే ఆమెకి వినపడేదట, వచ్చేస్తున్నాడు అని పొయ్యి వెలిగించేదాన్ని అని మొదట్లో నవ్వుతూ చెప్పింది, తర్వాత చెప్పడం మానేసింది, మోత విసుగొచ్చింది కాబోలు, నాలుగేళ్లు భరించి ఇక చాలనుకుంది కాబోలు, ఆమె ఇప్పుడు సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తోంది, ఇక్కడికి నాలుగు వందల పది కిలోమీటర్లు, ఈ గేర్లతో అంత దూరం ఎవడు పోతాడు, చెవులు దిబ్బళ్లు పడవూ అని తనకి తనే చెప్పుకుంటూ తొమ్మిదేళ్లు గడిపేశాడు, బస్సులున్నాయి కదా అని ఎవరైనా అంటే స్పానరు వెతుక్కునేవాడు, నిజమేమిటంటే భయం, గేర్లు ఒక సాకు, ఆ సాకుని ఇవాళ తన చేత్తోనే విప్పి పక్కన పెడుతున్నాడు, పాత పన్నెండు పళ్ల జతని గుడ్డలో చుట్టి అటక మీద దాచాడు, అదే మళ్లీ వేస్తాడు, చప్పుడు లేని కారేసుకుని ఆమె ఇంటి ముందు ఆగుతాడు, ఆగింది ఎవరో కూడా ఆమెకి తెలియదు, తలుపు కొట్టాలి, కొట్టి ఏం చెప్పాలి, అది మాత్రం ఎన్ని రాత్రులు తన్నుకున్నా తేలలేదు.

బావా, ఉన్నావా పోయావా అంటూ వచ్చాడు బావమరిది, ఆమె తమ్ముడే, పక్క సందులో లేతు మిషను నడుపుతాడు, నోరు ఎంత వదులో చెయ్యి అంత బిగువు, వెంట్రుకలో పదో వంతు తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేస్తాడు, అక్క వెళ్లిపోయిన కొత్తలో రెండేళ్లు ఈ గుమ్మం తొక్కలేదు, మూడో ఏడు ఒకరోజు ఏమీ జరగనట్టే వచ్చి నీ దగ్గర పద్నాలుగో నంబరు స్పానరుందా బావా అన్నాడు, అంతే, అప్పటి నుంచీ రోజూ వస్తూనే ఉన్నాడు, ఇవాళ కూడా చెప్పిన టైముకే వచ్చాడు, ఇద్దరూ కలిసి ఇరుసు కడ్డీలు లాగారు, వెనక మూత విప్పారు, లోపల తొమ్మిది పళ్ల పినియన్ పాపం ఇన్నాళ్లూ తన పని తను చేసి మెరుస్తోంది, పళ్ల అంచులు అరిగి బ్లేడుల్లా తయారయ్యాయి, కూయక ఏం చేస్తుంది అన్నాడు బావమరిది, బేరింగు కప్పులు రెండిటికీ ఎడమ కుడి గుర్తు పెట్టుకున్నారు, అటుది ఇటు వేస్తే మొత్తం పని తగలడిపోతుంది, పెద్ద చక్రం దించారు, పినియన్ నట్టు విప్పడానికి మాత్రం ఇద్దరూ వేలాడాల్సి వచ్చింది, బావా నువ్వు బిగించావా, ఏనుగు చేత తొక్కించావా అని రొప్పుతూ నవ్వాడు వాడు.

నవ్వితే అచ్చం అక్కలాగే ఉంటాడు, ఎడమ బుగ్గ మీద ఆ మడత, అతను చూపు తిప్పుకుని గుడ్డతో పళ్లు తుడవసాగాడు, మీటరుని తిప్పే గేరు కూడా మార్చాలి కదా బావా, గేరుబాక్సు తోకలో ఉంటుందే చిన్న ప్లాస్టిక్కుది అన్నాడు వాడు, అక్కర్లేదురా, అప్పుడు కూడా నేను మార్చలేదు, ఇప్పుడు మళ్లీ పాత గేర్లే వేస్తున్నాం కాబట్టి మీటరు తనంతట తనే దారికొస్తుంది అన్నాడితను, అంటే ఇన్నేళ్లూ తప్పే చూపించిందా, తప్పంటే, అది లెక్కపెట్టేది కడ్డీ చుట్లనే కదా, అందుకని ఎక్కువ చూపించేది, వేగమూ ఎక్కువే, దూరమూ ఎక్కువే, మూడొందల ఇరవై చూపిస్తే నిజానికి రెండొందల నలభై, నాలుగింట మూడొంతులు చేసుకుంటే సరిపోయేది, దానికోసం గేరుబాక్సు ఎవడు విప్పుతాడు, నాకు అలవాటైపోయింది, మీటరు చూడగానే లోపల లెక్క అయిపోయేది అని కాస్త గొప్పగానే చెప్పాడు, వాడు పినియన్ చేతిలో పెట్టుకుని తిప్పి చూసి, సరేగాని పాత జత వేసినప్పుడు దీని వెనక పెట్టే పల్చటి రేకు బిళ్ల, షిమ్ము, ఎంత మందం ఉండేదో గుర్తుందా, లేకపోతే నాలుగుసార్లు విప్పి బిగించుకుంటూ కూర్చోవాలి అన్నాడు, ఉంది, రాసిపెట్టాను, దేంట్లో, పుస్తకంలో, ఏ పుస్తకం అని వాడు అడిగాడు, మీ అక్క పుస్తకంలో అన్నాడు.

నీలం అట్ట పుస్తకం, పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కారేసుకుని ఊళ్లు తిరిగే రోజుల్లో మొదలుపెట్టింది ఆమె, ఎక్కడికి వెళ్లాం, ఎన్ని కిలోమీటర్లు, ఆయిలు ఎప్పుడు మార్చాం, ఏ చక్రానికి గాలి దిగుతోంది, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో, నీకు ఇంజను లోపలి సంగతులు తెలుస్తాయి గాని కారు వయసు ఎంతో తెలియదు అనేది, ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో ఉంటుంది, అందులోనే ఆమె తలపిన్నులు, విరిగిన దువ్వెన, ఒంటి గాజు కూడా ఉంటాయి, ఉంటాయని తెలుసు కాబట్టే తొమ్మిదేళ్లుగా ఆ అర తెరవలేదు, నెలకోసారి కారు స్టార్టు చేసి పావుగంట నడిపి మళ్లీ దుప్పటి కప్పేవాడు, అర వైపు చెయ్యి పోనిచ్చేవాడు కాదు, ఇప్పుడు డ్రైవరు సీట్లో కూర్చుని చెయ్యి చాచి బొటనవేలితో మీట నొక్కాడు, టప్‌మని తెరుచుకుంది, పుస్తకం పైనే ఉంది, చివరి పేజీలో అతని కోడిగీతల రాత, షిమ్ము మందం, పళ్ల మధ్య వదులు, నట్టు బిగువు, అన్నీ ఉన్నాయి, పని అయిపోయింది, మూసి పెట్టేయాలి, పెట్టేస్తే బాగుండేది, కాని ఆమె చేతిరాత చూసి ఎన్నేళ్లయింది, ఒక్క పేజీ, ఒక్కటంటే ఒక్కటే అనుకుని వెనక్కి తిప్పాడు.

ఒక పేజీ నిండా గళ్లు గీసి ఉన్నాయి, మొదటి గడిలో తేదీ, ఆదివారాలే అన్నీ, రెండో గడి పైన చెప్పింది అని రాసి ఉంది, దాని కింద వరసగా 240, 240, 240, మూడో గడి పైన మీటరు, కింద 320, 319, 321, 320, నాలుగో గడి పైన తేడా, కింద 80, 79, 81, 80, ఆ పేజీ తిప్పితే ఇంకో పేజీ, అదీ అంతే, ఇంకోటి, ఆదివారం తర్వాత ఆదివారం, నాలుగేళ్ల ఆదివారాలు, ఇదేంటి అనుకున్నాడు మొదట, తను ఎప్పుడు ఏం చెప్పాడు, ఎవరికి చెప్పాడు, అప్పుడు వినిపించింది ఆమె గొంతు, ఆదివారం సాయంత్రం కారు దిగి చేతులు కడుక్కుంటుంటే తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడి అడిగేది, ఇవాళ ఎంత దూరం తిరిగావు, అతను మొహం మీద నీళ్లు కొట్టుకుంటూనే హుషారుగా, ఎప్పుడూ వెళ్లేదే, కొండ దాకా, పోను నూట ఇరవై, రాను నూట ఇరవై అనేవాడు, అంతేనా అనేది, అంతే అనేవాడు, ప్రతివారం అడిగేది, ప్రతివారం అదే చెప్పేవాడు, తన మీద ప్రేమకొద్దీ అడుగుతోందనుకున్నాడు, అలిసిపోయానేమోనని అడుగుతోందనుకున్నాడు, ఆ తర్వాత ఆమె కారుకి దుప్పటి కప్పడానికి షెడ్డులోకి వెళ్లేది, ఎంత ఓపికో అనుకునేవాడు, వెళ్లి మీటరు చూసి, పొద్దుటి అంకె తీసేసి, మిగిలింది ఇందులో రాసుకునేదన్నమాట, ఎనభై, ఈ ఎనభై ఎక్కడికి పోతున్నాడు నా మొగుడు అని రాసుకునేదన్నమాట.

మధ్యలో ఒకచోట గళ్ల పక్కన చిన్న అక్షరాలు, ఎనభై అంటే పోను నలభై, రాను నలభై, కొండకి నలభై కిలోమీటర్ల అవతల ఏముంది, అని, దాని కింద రెండు వారాల తర్వాత తేదీ వేసి, ఇవాళ బస్సులో కొండ దాటి నలభై కిలోమీటర్లు వెళ్లాను, ఒక పెట్రోలు బంకు, ఒక బడి, ఇటుకల బట్టీ, పద్నాలుగు ఇళ్లు, ఎవరి గుమ్మం ముందూ మన కారు లేదు, వాన పడింది, తిరిగొచ్చేసరికి తను నిద్రపోతున్నాడు, మీటరు 319, అని ఉంది, మన కారు, అంత అనుమానంలో కూడా మన కారు అనే రాసింది, ఆ రోజు అతనికి గుర్తుంది, ఎందుకు గుర్తుండదు, స్నేహితురాలింటికి వెళ్లొచ్చానంది, జడ కొసలోంచి నీళ్లు కారుతున్నాయి, సగం నిద్రలో కళ్లు తెరిచి, అయ్యో గొడుగు తీసుకెళ్లలేదా అని అడిగి అటు తిరిగి పడుకున్నాడు, ఆమె ఆ పద్నాలుగు ఇళ్ల మధ్య వానలో నిలబడి ఒక్కో గుమ్మం చూసుకుంటూ వచ్చిందని అతనికేం తెలుసు, తెలిసి ఉంటే, ఏం తెలిసి ఉంటే, ఒక్క ప్లాస్టిక్కు గేరు, చిటికెన వేలు గోరంత ఉంటుంది, బద్ధకించి మార్చలేదు, ఆమె ఏళ్ల తరబడి దాని మాట నమ్మింది, అతని మాట నమ్మలేదు, గళ్లు గీసిన పేజీల్లో ఆఖరిదాంట్లో, ఆఖరి ఆదివారం, రెండో గడి ఖాళీగా ఉంది, మీటరు 321, పక్కన రెండే మాటలు, ఇవాళ అడగలేదు, అని, నిజమే, ఆ ఆదివారం ఆమె అడగలేదు, అడగలేదన్న సంగతి అతను గమనించనే లేదు, ఆ గురువారమే చెప్పులు వెనక్కి తిరిగాయి.

దొరికిందా బావా, షిమ్ము ఎంత అని కారు వెనక నుంచి కేకేశాడు బావమరిది, అంకె చెప్పాడు, వెనక్కి వెళ్లి కూర్చున్నాడు, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, షిమ్ము, బేరింగు, ఇనుప గొట్టం, పినియన్, నట్టు, ఆ నట్టు బిగిస్తుంటే లోపలి చిన్న గొట్టం కొద్దికొద్దిగా నలుగుతుంది, నలిగినకొద్దీ బేరింగులకి పట్టు వస్తుంది, సరైన పట్టు దగ్గర ఆపేయాలి, ఒక్క పిసరు దాటినా గొట్టం మళ్లీ సాగదు, తీసి పారేసి కొత్తది వేయాల్సిందే, ఈ పనిలో అతని చెయ్యి పెట్టింది పేరు, ఇవాళ మాత్రం బిగిస్తూనే ఉన్నాడు, మనసులో ఇంకేదో లెక్క నడుస్తోంది, తొమ్మిదికి పన్నెండు, రెండొందల నలభైకి మూడొందల ఇరవై, నేను ఏ తప్పూ చేయలేదు, ఏ తప్పూ చేయలేదు, బావా బావా ఆగు, ఏంటా బిగింపు, చెయ్యి తిరిగినోడివి నువ్వేనా అని వాడు భుజం పట్టి లాగితే గాని ఆగలేదు, పినియన్ రాయిలా బిగుసుకుపోయింది, గొట్టం పోయింది, పెట్టెలో ఇంకోటి ఉందిలే, కానీ ఏమైంది నీకు, మొహం అలా ఉందేంటి అన్నాడు వాడు, ఇతను పుస్తకం వాడి చేతికిచ్చి, మీ అక్క నేను ఎవరి దగ్గరికో వెళ్తున్నాననుకుందిరా అన్నాడు.

వాడు పుస్తకం తెరవలేదు, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, అనుకుందని నాకు తెలుసు బావా అన్నాడు, తెలుసా, తెలుసు, చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది, ఎవరు ఏమిటి అని అడిగితే నాకు రుజువుంది అంది గాని అదేంటో చెప్పలేదు, అందుకే రెండేళ్లు నీ మొహం చూడలేదు, తర్వాత మళ్లీ నేనే అనుకున్నా, ఎవత్తైతే ఏంటి, అదీ పోయినట్టుంది, మనిషి ఒంటరిగా పడున్నాడు, తప్పు చేసినా బావ బావే కదా అని వచ్చేశా అన్నాడు, తను చేయని తప్పుని వీడు ఏడేళ్లుగా క్షమించుకుంటూ వస్తున్నాడు, స్పానరు అడిగిన ప్రతిసారీ క్షమిస్తూనే ఉన్నాడన్నమాట, ఒరేయ్ ఎవరూ లేరురా, మీటరురా, ఇందాక నీకు చెప్పానే ఆ మీటరు అన్నాడు, వాడు అప్పుడు పుస్తకం తెరిచాడు, వేలితో గళ్లు తడుముతూ చదివాడు, మూడొందల ఇరవై అన్నాడు, రెండొందల నలభై అన్నాడు, జేబులోంచి ఫోను తీశాడు, ఇప్పుడే చెప్తా, ఇప్పుడే, ఈ నిమిషంలో అని, వద్దురా అని వాడి మణికట్టు పట్టుకున్నాడు, ఫోనులో పళ్ల లెక్కలు ఏం చెప్తావు, నేనే వెళ్తాను, నువ్వు ముందు ఆ కొత్త గొట్టం తియ్యి.

మధ్యాహ్నం నుంచి ఆ షెడ్డులో మాటలు తక్కువ, పని ఎక్కువ, కొత్త గొట్టం వేసి ఈసారి వెంట్రుకవాసి తేడా లేకుండా ఆపాడు, పెద్ద చక్రం పళ్లకి పసుపురంగు పేస్టు పూసి చేత్తో తిప్పి చూశారు, పన్నెండు పళ్లూ వాటి ముద్ర సరిగ్గా నడిమధ్యలో వేశాయి, అంచులకి పోలేదు, లోతుకి పోలేదు, ఒక్కసారికే కుదిరింది బావా అన్నాడు వాడు, కొత్త నూనె పోశారు, మూత బిగించారు, చక్రాలు గాల్లో ఉండగానే ఇంజను స్టార్టు చేసి టాపు గేరులో వేశారు, ఇద్దరూ ఊపిరి బిగపట్టి విన్నారు, వెనక నుంచి చప్పుడే లేదు, టైర్లు గాలిని కోస్తున్న చిన్న సవ్వడి తప్ప ఏమీ లేదు, పదమూడేళ్ల కూత ఆగిపోయింది, వాడు చేతులు కడుక్కుని, రేపు ఎన్నింటికి బయల్దేరతావు, తెల్లారగానే, మరి అక్కకి చెప్పనా వద్దా, వద్దు, సరే బావా, నిదానంగా పో, మొదటి ముప్పై కిలోమీటర్లయ్యాక ఆపి ఇరుసు మీద చెయ్యి వేసి చూసుకో అని గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి, ఏమనుకోకు బావా అన్నాడు.

ఒక్కడే మిగిలాక అతనికి ఒళ్లు తేలికైపోయింది, ఎన్నేళ్లకి చెప్పడానికి మాట దొరికింది, రేపు ఆమె తలుపు తీస్తుంది, తీయగానే ఈ పుస్తకం చేతిలో పెట్టాలి, ఇవాళ విప్పిన తొమ్మిది పళ్లది కూడా ఇచ్చి, పళ్లు లెక్కపెట్టుకో, ఇప్పుడు లోపలున్నది పన్నెండుది అనాలి, అంకెలంటే ఆమెకి ప్రాణం, ఆమెకి ఇట్టే అర్థమవుతుంది, చూశావా, ఎనభై కిలోమీటర్లు లేనే లేవు, ఆ పద్నాలుగు ఇళ్ల ఊరు నేను కలలో కూడా చూడలేదు, నిన్ను ఎవరూ మోసం చేయలేదు, మోసపోయిన మనిషినని తొమ్మిదేళ్లు తల వంచుకుని బతికావు, ఇక ఎత్తుకో, అని ఇంకా ఏమేమో పైకే అనేసుకుంటున్నాడు, జడ్జి ముందు నిలబడ్డట్టు, చెయ్యి ఊపుతూ, ఊపుతున్న చెయ్యి ఆగింది, ఆమె మొహం ఎలా ఉంటుంది అప్పుడు, ఏడుస్తుందా, కుర్చీ వేస్తుందా, తలకి రంగు వేసుకుంటోందా, తెల్లబడనిచ్చిందా, ఆమె కావాలి, అంతే, నిజంగా కావాల్సింది అదొక్కటే, గెలవడం కాదు, వంటగదిలోంచి ఆ గొంతు, ఆ తువ్వాలు, ఇవాళ ఎంత దూరం తిరిగావు అని మళ్లీ ఒక్కసారి అడిగితే, ఈసారి మొహం మీద నీళ్లు ఆపి ఆమె వైపు తిరిగి, ఎందుకలా అడుగుతున్నావు అని అడుగుతాడు, ఇన్ని వారాల్లో ఒక్కనాడైనా తల తిప్పి ఆమె కళ్లలోకి చూశాడా, చూడలేదు, సబ్బు కళ్లలో పడుతుందని కళ్లు మూసుకునే జవాబు చెప్పాడు.

పుస్తకాన్ని కారులోనే పెడదాం, పొద్దున మర్చిపోకుండా ఉంటుంది అనుకుని ఈసారి అవతలి వైపు నుంచి వెళ్లాడు, తలుపు తీసి లోపలికి వంగి మోకాలు ఆనించబోతే చల్లటి రేకు తగిలింది, ఉత్త నేల, తివాచీ కూడా లేదు, నాలుగు మూలలా నాలుగు బోల్టు రంధ్రాలు, అలవాటైపోయిన బోసితనం అది, ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాడు గాని కంటికి ఆనలేదు, ఇక్కడ సీటుండాలి, తొమ్మిది పళ్ల పినియన్ వేసిన వారమే దాన్ని పీకేశాడు, పద్దెనిమిది కిలోల బరువు తగ్గుతుందని, మరి నేనెక్కడ కూర్చోను అని ఆమె అడిగింది, ఆ రోజు షెడ్డులో నలుగురైదుగురున్నారు, నువ్వొకదానివి యాభై ఆరు కిలోలు, సీటుతో కలిపితే డెబ్బై నాలుగు, కొండెక్కేసరికి ఒక సెకను పోతుంది అన్నాడు, అందరూ పగలబడి నవ్వారు, ఆమె కూడా నవ్వింది, అందరికంటే కొంచెం ఆలస్యంగా నవ్వింది, ఆ తర్వాత ఎప్పుడూ వస్తాననలేదు, అతను రమ్మననూ లేదు, రమ్మనడానికి చోటేది, అంతకుముందు ఆమె ఇక్కడే కూర్చునేది, ఒళ్లో ఈ పుస్తకం, కిటికీలోంచి కిలోమీటరు రాళ్లు లెక్కపెడుతూ మీటరుతో సరిచూస్తూ, అదొక ఆట ఆమెకి, ఒక్క రాయిని కూడా వదిలేది కాదు, అతను ఆ రేకు మీదే కూర్చున్నాడు, రేపు తీసుకెళ్లాల్సిన రుజువులన్నీ చేతిలోంచి జారిపోయినట్టయింది, గేరు చూపించి ఏం లాభం, అది ఎంత అబద్ధం చెప్పినా ఎన్నాళ్లు చెప్పగలిగేది, ఒక్క ఆదివారం, ఇన్నిటిలో ఒకే ఒక్క ఆదివారం ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లి ఉంటే, ఊరు దాటి రెండో రాయి రాకముందే ఆమె ముందుకి వంగి అంకెలు చూసి, ఒకసారి రాయి వైపు, ఒకసారి మీటరు వైపు చూసి, ఇదేంటి, నీ మీటరుకి పిచ్చిగానీ పట్టిందా అని పకపకా నవ్వి ఉండేది.